మూత్రపిండం మీద నా అర్జీ

హైస్కూల్లో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేకపోవడాన్ని మించిన వరం ఇంకోటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! పలమనేరు రోడ్డు పక్క బళ్ళో పదహారేళ్ళుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. మూత్రపిండాల పాఠంలో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడు. ఈ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను.

లాభాలు చూడండి. ఆడపిల్లలు పొద్దున ఇంట్లో నీళ్ళు తాగరు, బళ్ళో అసలే తాగరు. కుండ నింపే పని లేదు, గ్లాసు కోసం పోట్లాట లేదు. పాఠం మధ్యలో బయటికి పోవాలని లేచే పిల్ల ఒక్కతీ ఉండదు. ఇంత క్రమశిక్షణ మిలిటరీలోనైనా ఉందా? మగపిల్లలకూ అయ్యవార్లకూ అంటారా, ప్రహరీగోడ ఉండనే ఉంది. నేనూ ఆ గోడ భక్తుణ్ణే.

ఇక పాఠం సంగతి. చిక్కుడు గింజ ఆకారం, పిడికిలంత సైజు, ఒక్కోదానిలో పది లక్షల నెఫ్రాన్లు. రెండూ కలిసి రోజుకు నూట ఎనభై లీటర్లు వడగట్టి, పనికొచ్చేదంతా రక్తానికి తిరిగిచ్చేసి, లీటరున్నర మాత్రం బయటికి పంపుతాయి. రంగు సుద్దలతో నేను బొమ్మ వేస్తుంటే గంట కొట్టినా పిల్లలు లేవరు. తొమ్మిదో తరగతి గంగులమ్మ అయితే అచ్చం నాలాగే వేస్తుంది.

ఆ గంగులమ్మే చలిజ్వరంతో, నడుంనొప్పితో ఆసుపత్రి పాలైంది. నీళ్ళు తాగక, రోజంతా బిగబట్టుకుని కూర్చోవడం వల్లే మూత్రంలో చీము చేరిందన్నాడట డాక్టరు. తిరిగొచ్చిన రోజు మందలించాను.

"పాఠమంతా నోటికొచ్చు గదమ్మా, నీళ్ళు తాగొద్దా?"

"తాగితే యాడికి పోవాల సార్?"

నా చూపు ప్రహరీగోడ మీద పడింది. సిగ్గేసింది. దొడ్డి కట్టేదాకా పిల్లను పంపనని వాళ్ళ నాయన ఓబయ్య తేల్చి చెప్పాడు. వెంటనే అర్జీ రాయడానికి కూర్చున్నాను.

కూర్చున్నవాణ్ణి ఊరుకుంటానా? పై ఆఫీసుకు నా పాండిత్యం తెలియొద్దూ! మొదటి పేజీ ఆకారం, రెండో పేజీ నెఫ్రాను, మూడో పేజీ మూడు రంగుల బొమ్మ. 'కావున మరుగుదొడ్డి మంజూరు చేయ ప్రార్థన' అన్న ముక్క నాలుగో పేజీ అడుగున, నా సంతకం పెద్దదిగా పడాలని చిన్న అక్షరాల్లో.

డెబ్బై ఎనిమిది నవంబరులో పెద్ద పెట్టె దిగింది. లోపల ప్లాస్టరుతో చేసిన మూత్రపిండం! 'మీ బోధనాసక్తి ప్రశంసనీయం' అని ఉత్తరం. నిజం చెబుతున్నాను, మురిసిపోయాను. హెడ్మాస్టరు మునిరామయ్యగారు వరండా చివర దానికో చిన్న గది కట్టించి, తలుపు పెట్టించి, గడియ బిగించారు.

ఓబయ్య వచ్చాడు. గది చూడగానే ముఖం విప్పారింది.

"కట్టినారా అయ్యోరా! రేపట్నించి పిల్లను పంపిస్తా."

గడియ తీసి చూశాడు. ప్లాస్టరు బొమ్మను వేలితో తట్టాడు.

"ఈ బొమ్మ నీళ్ళు తాగుతాదా అయ్యోరా?"

"తాగదు."

"మరి దీనికెందుకు తలుపు?"

పిల్ల పేరు కొట్టేయమన్నాడు. గుమాస్తా సెలవులో ఉన్నందున టీసీ నేనే రాశాను. బడి మానడానికి కారణం అన్నచోట కలం ఆగింది. నాలుగు పేజీలు అలవోకగా రాసిన చెయ్యి, 'దొడ్డి లేదు' అనే రెండు మాటలు రాయడానికి భయపడి, 'సొంత కారణాలు' అని రాసింది.