ఎంజైమ్ గారికి తాజా నూనె

మాడిన నూనెలో వేగిన మిర్చి బజ్జీ తినడం పర్యావరణ సేవ! నమ్మరా? అయితే హైటెక్ సిటీలో ఒక కంపెనీ బండి నడిపే వేణును చూడండి. రెండు ట్రిప్పుల నడుమ తినడానికి క్యాంటీన్ బజ్జీ తప్ప గతి లేదు. రోజూ సాయంత్రం చేస్తూనే ఉన్నాడు ఆ సేవ, ఛాతీ రుద్దుకుంటూ.

ఆ కంపెనీ వంటనూనె నుంచి బయోడీజిల్ తీస్తుంది. అసలు పని చేసేది లైపేజ్ అనే ఎంజైమ్. మహా సుకుమారి! నూనెలో కలిపే మెథనాల్ సోకితే చాలు, సొమ్మసిల్లుతుంది. అందుకని అయానిక్ లిక్విడ్ అనే ద్రవరూపపు ఉప్పులో దాన్ని మెత్తగా పడుకోబెడతారు. కొత్తల్లుడికైనా ఇన్ని మర్యాదలుంటాయా?

మొదట క్యాంటీన్‌లో వాడేసిన నూనెనే ల్యాబ్‌కు పంపారు. బజ్జీల మడ్డి తగలగానే ఎంజైమ్ గారు పని మానేశారు. వెంటనే మీటింగ్! ఇకపై తాజా నూనె ల్యాబ్‌కేనని తీర్మానించారు. మరి ఆ నల్ల నూనె పారబోస్తే భూమాత ఏమైపోవాలి? అందుకే మళ్లీ క్యాంటీన్ మూకుట్లోకే పోశారు. చూశారా, చుక్క కూడా వృథా కాలేదు!

బయోడీజిల్ బండి ప్రారంభం నాడు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. స్టీరింగ్ వేణు చేతికిచ్చారు. ఇంజన్ ఎంత హాయిగా నడిచిందనుకున్నారు! తేన్పులన్నీ వేణుకే వచ్చాయి. ఖాజాగూడ చెరువు దగ్గర ఇక ఓర్చుకోలేక బండి పక్కకు తీశాడు.

వెనక సీట్లోని ల్యాబ్ మేడం సంయుక్త కంగారుపడింది. "గుండెల్లో మంటా వేణుగారూ? నూనె పదార్థాలు తగ్గించండి. మన ఒంట్లో నూనె అరిగించేది కూడా లైపేజేనండీ, పాపం దానికెంత కష్టం!"

వేణు ముఖం విప్పారింది. "గట్లనా మేడం! అయితే మీ ల్యాబుల ఉన్నది, నా కడుపుల ఉన్నది ఒక్కటే జాతి అన్నట్టు. మరి దీనికి గూడ జర తాజా నూనె పోయించుర్రి. ఉప్పు పరుపు ఏం వద్దు."

మేడం మంచి మనిషి. మర్నాడే ఆ మాట మేనేజరు రామ్మోహనరావు గారి చెవిన వేసింది. ఆయన సైన్సు చదవకపోయినా లెక్క తెలిసినవారు.

"ల్యాబ్ ఎంజైమ్ పాడైతే మనం కొనాలమ్మా. అతని కడుపు పాడైతే మందులు అతనే కొనుక్కుంటాడు కదా!"

ఎంత పొదుపు, ఎంత దూరదృష్టి! ఈ సాయంత్రం కూడా వేణు ప్లేటు ముందు కూర్చున్నాడు. కిటికీ అవతల అతని బండి తాజా నూనెతో తీసిన డీజిల్ తాగుతోంది. దాన్ని కాసేపు చూశాడు. మరో జన్మంటూ ఉంటే ఇదే కంపెనీలో ఎంజైముగా పుట్టించమని దేవుడికి దణ్ణం పెట్టి, నల్లటి బజ్జీ కొరికాడు.