కోల్డ్ స్టోరేజీలో గేము

"ప్రపంచ డిజిటల్ గేముల వ్యాపారం ఇకమీదట ప్రత్తిపాడు మీదుగానే నడుస్తుంది" అని 2008 ఫిబ్రవరిలో జయరావు గారు విలేకరుల ముందు సెలవిచ్చారు. ఆయన కోల్డ్ స్టోరేజీ యజమాని, అధికార పార్టీ మండలాధ్యక్షుడు. ఇప్పుడు సెల్‌ఫోను గేములు అమ్మే ఇంటర్నెట్ స్టోరుకి చైర్మన్ కూడా. ఆ స్టోరులో అప్పటికి లేనిదల్లా గేము ఒక్కటే.

ఆ లోటు ఖలీల్ తీర్చాడు. సెల్ రిపేరు కొట్లో కూర్చుని అప్పటికే ఏడాదిగా తంటాలుపడి ఒక గేము తయారుచేశాడు. మిరపకాయల బస్తా నెత్తిన పెట్టుకుని మార్కెట్ యార్డులో కాటా దాకా చేరాలి. దారిలో ప్రతి కొట్టువాడూ "శాంపిలు" అంటూ గుప్పెడు లాగేస్తాడు. బస్తా ఖాళీ అయితే ఆట అయిపోయినట్టే. కాటా చేరినవాడికి మాత్రం "తయారీ: షేక్ ఖలీల్" అని కనబడుతుంది. వేసవి సెలవుల్లో పిల్లలంతా ఆడి ఆ పేరు చదవాలని అతని ఆశ. అంతకుమించి ఏమీ కోరలేదు, పిచ్చినాయన.

"మాకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. దీన్ని ఎక్స్‌క్లూజివ్ అంటారు" అంటూ జయరావు గారు శాలువా కప్పారు. ఆ వెచ్చదనంలో ఖలీల్ సంతకం పెట్టేశాడు.

"స్టోర్లో ఎప్పుడు పెడతారండీ?"

"ఏరా, కోతల్లో ఎవడన్నా సరుకు అమ్ముకుంటాడా? రేటు రావద్దూ? కోల్డ్‌లో పెడదాం."

అన్నట్టే గేము సీడీని గోనెసంచిలో కుట్టించి, లాట్ నంబరు వేయించి, తేజా రకం మిరపకాయల పక్కన పెట్టించారు. కంప్యూటర్లో ఇంకో కాపీ ఉందని తెలిసి మర్నాడు కంప్యూటర్నీ ఎత్తించుకెళ్ళారు. ఖలీల్ ఫోనులో ఉన్నది చెరిపించారు.

"నా గేము నేనన్నా ఆడుకోకూడదాండీ?"

"నువ్వు ఆడితే ఎక్స్‌క్లూజివ్ ఎట్టా అవుద్దిరా?"

వాళ్ళమ్మ షాజాదీ విని నిట్టూర్చింది. "మిరపకాయలైతే కారమన్నా కొట్టించేదాన్ని. దీన్నేం చేసుకుంటాంరా?"

వేసవి సెలవులు కాస్తా అయిపోయాయి. జూన్‌లో మంత్రిగారు స్టోరు ప్రారంభోత్సవానికి విచ్చేశారు. మౌసుకి కట్టిన రిబ్బను కత్తిరించబోయి వైరు కూడా కత్తిరించారు. చప్పట్లు మోగాయి. జయరావు గారు ఉపన్యాసం అందుకోగానే మంత్రిగారు సెల్‌ఫోను తీసి ఆటలో పడ్డారు. వెనక కుర్చీలోంచి ఖలీల్ తొంగిచూశాడు. బస్తా, కొట్లు, కాటా. తన గేమే!

"అయ్యా, ఆ గేము..."

"బ్రహ్మాండంగా ఉందయ్యా! మీ జయరావే బ్లూటూత్‌లో పంపాడు. మా పార్టీలో అందరూ ఇదే ఆడుతున్నారు."

ఉపన్యాసం ముగించి వచ్చిన జయరావు గారి వంక ఖలీల్ కళ్ళప్పగించి చూశాడు.

"శాంపిలేరా" అన్నారాయన చల్లగా. "శాంపిలు చూపించకుండా సరుకెవడు కొంటాడు?"

మంత్రిగారు తల ఎత్తలేదు. "ఎంత ఆడినా కాటా దాకా పోలేకపోతున్నా. నువ్వెందాకా పోయావబ్బాయ్?"

"నా దగ్గర లేదండీ."

మంత్రిగారి మనసు కరిగిపోయింది. "అయ్యో పాపం! ఏదీ, సెల్ తియ్యి. బ్లూటూత్ ఆన్ చెయ్యి."

మర్నాడు జిల్లా పేజీలో వార్త పడింది: 'పేద యువకుడికి మంత్రి చేతుల మీదుగా ఉచిత గేము'. కింద ఫోటో. ఎడమ నుంచి: మంత్రిగారు, జయరావు గారు, లబ్ధిదారుడు.