రాత్రి కర్ఫ్యూ చల్లగా ఉండాలి!

కర్ఫ్యూ ఎత్తేయమని అడిగేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది. ఇంటికొచ్చిన వరాన్ని గేటు దగ్గరే నిలబెట్టి తగువేసుకునేవాళ్ళని ఏమనాలి?

నలభై రోజులుగా మా ఊళ్ళో సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా కర్ఫ్యూ. ఈ నలభై రోజుల్లో మాకు కలిగిన సుఖం వింటే మీరు కూడా మీ ఊరికి ఒకటి శాంక్షన్ చేయించుకుంటారు!

ఆరూ నలభై అయ్యేసరికి చుట్టాలు వాళ్ళంతట వాళ్ళే చెప్పులు వెతుక్కుంటున్నారు. మా బావమరిది తన ఉద్యోగం కబుర్లు మధ్యలో ఆపి లేచాడంటే నమ్ముతారా? పెళ్ళి రిసెప్షన్లు మధ్యాహ్నం రెండింటికే అయిపోతున్నాయి. వీధి చివరి బేకరీ మాస్టరు పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీ మనిషి. ఇప్పుడు ఇంట్లో పడుకుంటున్నాడు. ఇంట్లో ఎవరో గురక పెడుతున్నారని మొదటిరోజు ఆయన భార్య కేకలు పెట్టిందట. ఇప్పుడు అలవాటుపడింది. ఊళ్ళో బ్రెడ్డు దొరకడం లేదు, అది వేరే సంగతి.

గొడవలన్నీ పగలు జరుగుతుంటే కర్ఫ్యూ రాత్రెందుకని కొందరు అతి తెలివిగా అడుగుతున్నారు. నిజమే, రాళ్ళు పదకొండింటికి మొదలై, లంచ్‌కి కాస్త ఆగి, అయిదింటికల్లా ముగుస్తాయి. అయితే? కర్ఫ్యూ పగలు పెడితే రాళ్ళు రువ్వేవాళ్ళు ఎప్పుడు రువ్వాలి? రాత్రిపూటా? వాళ్ళకి మాత్రం నిద్ర అక్కర్లేదా?

ఇంకా నమ్మకం కుదరనివాళ్ళ కోసం మొన్న గురువారం మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెబుతాను.

సాయంత్రం ఆరూ యాభైకి మా వీధి మొగలో ఒక బస్సు ఆగిపోయింది. అది ఇంకా నలభై కిలోమీటర్లు వెళ్ళాలి. "బండి ఇంక కదలదు, ఎవరి దారి వాళ్ళు చూసుకోండి" అని కండక్టరు విజిల్ జేబులో వేసుకున్నాడు. దారి చూసుకోవడానికి పది నిమిషాల టైమిచ్చాడు కూడా. ఎంత ఉదారుడు!

జనం తలో దిక్కూ పరుగెత్తారు. ఫుట్‌పాత్ మీద భుజాన సంచీతో ఒక ముప్ఫై అయిదేళ్ళ మనిషి మిగిలింది. మా ఆవిడ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. నన్నడగలేదు. నన్నడిగి మా ఆవిడ చేసిన పని ఏదీ నాకు గుర్తులేదు.

ఆమె టైలరట. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"మా ఆయన లారీ డ్రైవరక్కా. నిన్న దారిలో కడుపునొప్పని పడిపోతే ఎవరో ఈ బస్సు వెళ్ళే ఊళ్ళోనే ఆస్పత్రిలో చేర్చారు. పేగుకి చిల్లు పడిందంట. తెల్లారేలోపు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు."

"చెయ్యమను మరి!"

"నేనొచ్చి సంతకం పెట్టాలంట. అక్కడ మావాళ్ళెవరూ లేరు. ఫోన్లో ఒప్పుకుంటానన్నాను, కుదరదన్నారు."

మా ఆవిడ నావైపు చూసింది. నేను ఫోన్ తీసి, పేపర్లో వేసిన కంట్రోల్ రూమ్ నంబరుకి కొట్టాను. ఒకాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"పాసు తప్పకుండా ఇస్తామండీ. ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య మనిషి స్వయంగా ఆఫీసుకి రావాలి."

"ఏడు దాటితే బయటికి రాకూడదు కదండీ?"

"పాసు చూపించి రండి."

ఇంత స్పష్టంగా మాట్లాడే ఉద్యోగులు ఏ కాలంలో ఉన్నారు చెప్పండి?

అప్పుడు నాకు మా ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. పైవాటాలో ఉంటాడు. ఒక పార్టీకి వార్డు నాయకుడు. చేతికి మైకు దొరికితే వదలడు కాబట్టి వీధంతా ఆయన్ని మైకు అనే పిలుస్తుంది. ఎదుటి పార్టీ నాయకుడి ముద్దుపేరు టైరు. నడిరోడ్డు మీద ఆయన కాల్చినన్ని టైర్లు ఏ ఫ్యాక్టరీ తయారుచేసి ఉండదు. పగలు ఈ ఇద్దరూ ఒకరి దిష్టిబొమ్మ ఒకరు తగలబెట్టుకుంటారు.

టైలరమ్మని తీసుకుని మేడెక్కాను. చూద్దును కదా, మైకూ టైరూ ఎదురెదురుగా కూర్చుని క్యారమ్స్ ఆడుతున్నారు! చూశారా కర్ఫ్యూ మహిమ? పగలు మొహాలు చూసుకోని ఇద్దరిని ఒక్క బోర్డు దగ్గర కూర్చోబెట్టింది.

"రేపు మీరు పదకొండుకి వస్తే మేం పన్నెండుకి వస్తాం" అంటున్నాడు టైరు. "ఇద్దరం ఒకేసారి వస్తే టీవీ వాళ్ళకి ఇబ్బంది."

"అలాగే. కానీ మార్కెట్ వైపు వద్దు బాబూ, అక్కడ మా తమ్ముడి షాపుంది" అన్నాడు మైకు.

టైరు గారి కారు కిందే ఉంది. అద్దం మీద కర్ఫ్యూ పాసు అంటించి ఉంది. నేను సంగతంతా చెప్పాను. మైకు బాధగా తలాడించాడు.

"అయ్యయ్యో! కానీ రైటరుగారూ, పాసు మీద ఏం రాశారో చూశారా? శాంతి స్థాపన నిమిత్తం అని ఉంది. పేగు నిమిత్తం అని లేదు. రూలు మేమే తప్పితే రేపు జనానికి ఏం మొహం చూపిస్తాం?"

"కరెక్ట్" అన్నాడు టైరు. నలభై రోజుల్లో ఇద్దరూ జనం ఎదుట ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

టైలరమ్మ ముందుకొచ్చింది. "అన్నా, సీట్లో కూడా వద్దు. డిక్కీలో కూర్చుంటాను. ఆస్పత్రి మలుపులో దింపేస్తే చాలు."

టైరు స్ట్రైకర్ చేతిలో పట్టుకుని నిట్టూర్చాడు. "మాకు మాత్రం బాధ లేదనుకున్నావా తల్లీ? ఈ పరిస్థితికంతటికీ ఎదుటి పార్టీయే కారణం" అని మైకు కేసి చూపించాడు. మైకు ఏమాత్రం నొచ్చుకోకుండా రెడ్ కాయిన్‌కి గురి చూసుకున్నాడు.

మేం కిందికి దిగేటప్పుడు ఆమె ఏడవలేదు. మెట్లు లెక్కపెడుతున్నట్టుగా దిగింది.

తొమ్మిది కావస్తుండగా పక్క సందులో బండి ఆగిన చప్పుడైంది. మా ఆవిడ చటుక్కున లేచింది. ఆ సందులో ఉండే అతను శవాల వ్యాను నడుపుతాడు. ఆ ఆస్పత్రి నుంచే శవాన్ని తెచ్చి ఇక్కడ దింపి, ఇంట్లో నాలుగు ముద్దలు తిని తిరిగి వెళతాడు. అతనికి పర్మనెంట్ పాసు.

పెరటి గోడ మీంచి మా ఆవిడ సంగతి చెప్పింది. అతను చెయ్యి కడుక్కుంటూ విన్నాడు.

"తీసుకెళ్ళడానికేముంది అక్కగారూ? కానీ ప్రాణమున్నవాళ్ళకి నా బండిలో పాసు లేదు. చెక్‌పోస్టు దాటేదాకా వెనకాల బల్ల మీద పడుకోవాలి. పోస్టుమార్టానికి తీసుకెళ్తున్నానని చెబుతాను."

"కాగితాలు అడగరా?" అన్నాను నేను.

"పోయినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరండీ. బతికున్నవాళ్ళకే కాగితాలు."

కప్పడానికి మా ఇంట్లో తెల్ల దుప్పటి లేదు. పెద్ద పెద్ద ఎర్ర పువ్వులున్నది మాత్రమే ఉంది. మా ఆవిడ మొహమాటపడింది. "ఏం ఫర్వాలేదు, ఇంట్లోవాళ్ళు ప్రేమగా కప్పారనుకుంటారు" అన్నాడు డ్రైవరు.

టైలరమ్మ ఆ రేకు బల్ల వంక ఒక్క నిమిషం చూసింది. "ఇందులోంచి దిగి ఆయన దగ్గరికెళ్ళాలా అక్కా?" అంది.

"ఎందులో వెళ్తే ఏమే? వెళ్ళడం కావాలి" అంది మా ఆవిడ. కసురుకుంటూనే దుప్పటి దులిపింది.

ఆమె చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుని ఎక్కి పడుకుంది. మా ఆవిడ దుప్పటి మెడదాకా కప్పి, ఒక్క క్షణం ఆగి, మొహం మీదికి లాగింది.

పొద్దున్న ఏడున్నరకి ఫోనొచ్చింది. పదకొండింటికి సంతకం పెట్టిందట, అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ అయిందట. గండం గడిచిందన్నారట డాక్టర్లు. మా ఆవిడ కుర్చీలో కూలబడి, స్పీకర్ ఆన్ చేసింది.

"చెక్‌పోస్టులో ఆపారక్కా. ఒకాయన తలుపు తీసి, దుప్పటి పక్కకి లాగి టార్చి మొహం మీద కొట్టాడు. ఊపిరి బిగబట్టేశాను. 'పాపం, చిన్న వయసే' అన్నాడక్కా. మళ్ళీ తనే దుప్పటి సరిగ్గా కప్పాడు. 'ఆలస్యం చెయ్యకయ్యా, తొందరగా తీసుకెళ్ళు' అని గేటు తనే ఎత్తాడు."

తర్వాత ఆమె నవ్విందో ఏడ్చిందో ఫోన్లో సరిగ్గా తెలియలేదు.

కాబట్టి పాఠకులారా, ప్రభుత్వానికి మనమీద దయ లేదని ఇంకెప్పుడూ అనకండి. బోలెడంత ఉంది! మన వైపు నుంచి కాస్త సహకారం ఉంటే చాలు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కదలకుండా పడుకోవాలి. అంతే!