పైగదిలో ఊపిరి

హైమ ఆ పొద్దుటికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో కొత్తగా కొన్న పాత ఇంట్లో పాలు పొంగించాలి, అత్తగారిచేత బాగుందనిపించుకోవాలి. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడిగే అద్దె బతుకు ఇక ఆమెవల్ల కాదు. అత్తగారు ఆండాళమ్మ మాత్రం గుమ్మంలోనే తేల్చేసింది. "ఏ కాస్త తేడాగా అనిపించినా ఈ ఇల్లు మనకొద్దు. అమ్మేయండి." హైమ మొగుడు రఘుకి అమ్మ మాట దాటే అలవాటు పుట్టాక లేదు.

క్రోయిడన్ పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రం చదివి ఆగారు. పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడు పైగదిలో ఎవరో "హా!" అని ఊపిరి పీల్చారు. పైన విప్పని అట్టపెట్టెలు తప్ప నరమానవుడు లేడు.

"ఏంట్రా అది?"

"పాత ఇల్లు కదమ్మా, పైపులయ్యుంటాయి."

మళ్లీ వినబడింది. ఈసారి గొంతు నొక్కితే ఊపిరాడనట్టు. కింద ముగ్గురూ ఒక్కసారే "హా!" అన్నారు. పంతులుగారు "పైన ఎవరున్నారమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే సిగ్నల్ లేదంటూ కాల్ కట్ చేశారు.

"కోట్లు వేసుకోండి, పోదాం," అంది ఆండాళమ్మ. హైమకి ఏడుపొచ్చేసింది.

తలుపు తీస్తే ఎదురుగా పక్కింటి చైనా అమ్మాయి లిన్. ముఖంలో నెత్తురుచుక్క లేదు. మీ గోడలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, అందరూ క్షేమమేనా అని ఇంగ్లీషులో అడిగింది. ఆమె పొద్దున్నించీ ఫోన్‌లో "గ్యాస్ప్", అంటే గబుక్కున ఊపిరి పీల్చడం, అనే ఇంగ్లీషు మాట నేర్చుకుంటోందట. అర్థాలు చైనీసులో తెరమీద వస్తాయి. ఉలిక్కిపడితే ఒకలా, ఆశ్చర్యపోతే ఒకలా, ఊపిరాడకపోతే ఒకలా ఎలా పీలుస్తారో ఫోనే వినిపించాలి. కానీ ఎంత నొక్కినా అది నోరు విప్పడం లేదట.

రఘు నెత్తి కొట్టుకున్నాడు. "ఓసినీ! ఈ అమ్మాయి ఫోను మన బ్లూటూత్ స్పీకరుకి కలిసిందమ్మా! పైగది పెట్టెల్లో ఉందది."

ఆండాళమ్మ పకపకా నవ్వింది. మిగిలిన పాలతో పరమాన్నం వండి, లిన్‌కి గిన్నెడు ఇచ్చి పంపింది. "ఇల్లు బాగుందే హైమా," అని కూడా అంది.

హైమ నవ్వుతూనే పైకప్పు వైపు చూసింది. ఆ స్పీకర్ని పోయినవారమే, రఘుకి చెప్పకుండా, పాత సామాన్లు తీసుకునే చారిటీ షాపులో ఇచ్చేసింది తనే.

అంతలో మళ్లీ "హా!" ఈసారి మెట్లమీద.

"పాపం, వెళ్లగానే చదువు మొదలెట్టింది," అంది ఆండాళమ్మ.

"అవునత్తయ్యా, బాగా కష్టపడే పిల్ల," అంది హైమ.