పెంటప్ప హైపర్‌బాలిక్ దరఖాస్తు

మన ఆలంకారికులు అతిశయోక్తిని అలంకారాలలో కూర్చోబెట్టి గౌరవించారు. ఆ పీఠం నుండి దానిని దింపిన ఘనత సోలాపూర్‌లో కొత్తగా వెలసిన నేతకారుల గుర్తింపు కార్యాలయానికి దక్కింది. దరఖాస్తులలోని అతిశయాన్ని పట్టుకోవడానికి అక్కడ ఒక ప్రత్యేకాధికారి ఉన్నాడు. ఆయన చేతిలో ఒకే ముద్ర, ఆ ముద్రపై ఒకే ఇంగ్లీషు విశేషణం: ‘హైపర్‌బాలిక్’.

నీలం నగర్ పెంటప్పకు డెబ్బయ్యొక్క ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, మగ్గం మీద తెగిన పోగును వేళ్లతో తడిమి వెతుక్కుంటున్నాడు. గుర్తింపు కార్డు ఉంటే కంటి ఆపరేషన్ ఉచితం. అందుకే కోడలు మనీషా ఫోన్‌లో ఫారం తెరిచింది.

“మామా, అనుభవం ఎన్నేండ్లని రాయాలె?”

వృత్తి మాట ఎత్తితే మూలపురుషుడి నుండి మొదలుపెట్టడం ఆ పద్మశాలి ఇంటి ఆచారం. తామరతూడుల దారంతో దేవతలకు వస్త్రాలు నేసిన భావనా మహర్షిని తలచుకొని పెంటప్ప చేతులు జోడించాడు.

“కృతయుగం సంది అని రాయి బిడ్డా.”

మనీషా రాసింది. (యుగాలు రాయకూడదని ఫారంలో ఎక్కడా లేదు.)

మూడోనాడు ముద్ర పడింది. మామా కోడళ్లు కార్యాలయానికి వెళ్లారు. అధికారి ఋషికేశ్ ఆ విశేషణానికి కార్యాలయం అచ్చువేయించిన వివరణను గంభీరంగా చదివాడు. “మొదటి అర్థం: ఉన్నదానికన్న పెంచి చెప్పినది. రెండవ అర్థం: ఉన్నదే అయినను గడిలో పట్టనిది. ప్రయోగం: ఈ దరఖాస్తు హైపర్‌బాలిక్.”

“నేను అబద్ధం చెప్పలే సాహెబ్.”

“అబద్ధమని ఎవరన్నరు కాకా? దానికి పక్క ఖిడికీ ఉంది. నీ సొంత ఏండ్లు చెప్పు.”

“యాభై ఆరు.”

“సిస్టం నలభై కాడ ఆగుతది.”

“నలభై పెట్టు మరి.”

“సాక్షి కావాలె. ఎవరి దగ్గర నేర్సుకున్నవ్?”

“మా నాయిన దగ్గర.”

“తోలుకరా.”

“ఆయన పోయి ముప్పై ఏండ్లాయె.”

“చూసినవా? మల్ల పెద్ద అంకె. నీకు అలవాటైపోయింది కాకా.”

మనీషా ముందుకొచ్చింది. “సాక్షి లేకుంట ఎన్నేండ్లు నమ్ముతరు సాహెబ్?”

“రెండు.”

“రెండే రాస్త.”

“రెండేండ్లల్ల నాకు పోగు అతుకుడు గూడ రాలేదే!” అన్నాడు పెంటప్ప.

“మామా, మీకు కండ్లు కావాల్నా, ఏండ్లు కావాల్నా?”

“రాయి బిడ్డా,” అన్నాడు పెంటప్ప. ఆయన తొలిసారి అబద్ధం రాయించాడు. కార్యాలయం తొలిసారి ఆయనను నమ్మింది.

‘నూతన నేతకారుడు’ అన్న కార్డు వచ్చింది. నూతనులకు మూడు నెలల శిక్షణ తప్పనిసరి. శిక్షకుడు శ్రీకాంత్ ఒకప్పుడు పెంటప్ప దగ్గరే మగ్గం ఎక్కినవాడు. అతడు ప్రతి ఉదయం గురువు పాదాలకు మొక్కి, పిదప నియమావళి ప్రకారం పోగు అతకడమెలాగో ఆయనకు బోధించాడు. చివర ప్రగతి పత్రంలో ‘మెరుగుపడుచున్నాడు’ అని రాశాడు. (‘బాగా’ అని చేర్చబోయి ముద్రకు జడిసి మానుకున్నాడు.)

అటుపిమ్మట ఆపరేషన్‌కు అర్జీ వెళ్లింది. జవాబు లేఖను పెంటప్ప కళ్లకు ఆనించుకొని చూసి, కోడలికి ఇచ్చేశాడు. మనీషా చదివి వినిపించింది:

‘ఉచిత చికిత్సకు పదిహేనేండ్ల అనుభవము అవసరము. మీకు రెండేండ్లే ఉన్నందున పదమూడేండ్ల తరువాత రాగలరు. చూపు పోవుచున్నదన్న మీ మాటలో అతిశయోక్తి ఏమాత్రము లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’