గదిలో రెండో ఊపిరి

గదిలో ఇద్దరు మనుషులు ఊపిరి పీలుస్తున్నారని యంత్రం చెప్పింది. లోపలున్నది మాత్రం నేనొక్కణ్ణే.

అద్దాల కిటికీ అవతల మా ఆవిడ, చేతిలో యంత్రం గీసిన గీతల కాగితంతో బిగుసుకుపోయి నిలబడింది. విశ్వవిద్యాలయంలో మనుషుల తిండి మీద పరిశోధన ఆవిడ ఉద్యోగం. నేను ఆవిడకి పన్నెండో మనిషిని. తప్పుగా అనుకోకండి, ప్రయోగంలో! రావలసినవాడు ఆఖరి నిమిషంలో పారిపోతే, పారిపోలేనివాణ్ణి పట్టుకొచ్చింది.

గదిలో ఒక మంచం, ఒక బల్ల, మూలన తెర, తెర వెనక మరుగుదొడ్డి. గాలి ఒక గొట్టంలోంచి వస్తుంది, ఇంకో గొట్టంలోంచి పోతుంది. పోయే గాలిని బట్టి ఒంట్లో ఎంత తిండి ఖర్చయిందో యంత్రం పట్టేస్తుంది. రోజంతా కదలకుండా పడుకోవాలి. అందులో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం.

తిండి మాత్రం గ్రాముల లెక్కన గోడలోని చిన్న తలుపులోంచి వస్తుంది. తిన్నాక గిన్నెను రబ్బరు గరిటెతో గీకి తినాలి. తర్వాత నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళూ తాగాలి. మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి చూస్తే తన పని పోయిందని బెంగపెట్టుకునేది.

ఇంతకీ నేనెందుకు ఒప్పుకున్నానంటారా?

"నాది ఎక్కువ ఖర్చు చేసే ఒళ్ళే. నువ్వు పెట్టేది ఏ మూలకీ చాలదు" అన్నాను ఓ రోజు.

"యంత్రం చెబితే నమ్ముతా. రెండు వేల నాలుగు వందల కేలరీలు దాటించండి, ఇక జన్మలో మీ పళ్ళెంలోకి తొంగి చూడను" అంది.

ఇప్పుడు ఇంటర్‌కం మోగింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"పడుకున్నాను."

"మరి ఆ రొప్పేమిటి?"

"నిన్ను చూస్తే గుండె ఊరుకుంటుందా?"

"ఇరవై ఏళ్ళుగా ఊరుకుందిగా! ఆ తెర వెనక్కి అన్నిసార్లు ఎందుకెళ్ళారు?"

"గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ తాగిస్తే వెళ్ళనా మరి?"

అంతలో పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. ఏ ఫలితం చూపించినా కొట్టేసి పక్కన సున్నా చుడతాడు కాబట్టి, చాటున అందరికీ ఆయన సున్నాగారు. ఇంటర్‌కం ఇంకా తెరిచే ఉంది.

"మనిషి మంచం మీదే ఉన్నాడు, గీత కొండెక్కి కూర్చుంది. గాలి ఎక్కడో కారుతోందమ్మా. ఈ యంత్రం చెప్పిన పన్నెండుగురి లెక్కలూ కొట్టేయాల్సిందే."

"రెండేళ్ళ పని సార్!"

"వేరే కారణం ఉంటే, లోపలున్న మనిషి తన నోటితో చెప్పాలి. చెప్పాడా?"

ఆవిడ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

"లేదు సార్. సరే."

మా కాపురంలో ఆవిడ 'సరే' తర్వాత 'కానీ' అనకపోవడం అదే మొదటిసారి.

ఒక వైపు ఆవిడ రెండేళ్ళు, ఒక వైపు నా పళ్ళెం. పళ్ళెమే బరువుగా తూగింది, ఒక్క క్షణం. అబద్ధమెందుకు, రెండు క్షణాలు.

"సార్! యంత్రం తప్పేం లేదండీ!" అని అరిచాను.

మా ఆవిడ చప్పున ఇంకో కాగితం అద్దానికి ఆనించింది. పదిన్నర, పన్నెండు, రెండుంపావు... వేళలన్నీ ముందే రాసి ఉన్నాయి! 'ఏం చేశారు', 'ఎన్ని' అన్న చోట్లే ఖాళీ.

"గీత చూస్తే నాకు తెలీదా? నేను చెబితే నెపం మొగుడి మీద తోసేశానంటారు. కానివ్వండి."

"అందరి ముందా?"

"స్పీకర్లోనే ఉన్నారు. వంటగదివాళ్ళు కూడా పని ఆపి వింటున్నారు."

గొంతు సవరించుకున్నాను.

"తెర వెనక గుంజీళ్ళు తీశానండి. పదిన్నరకి నలభై. పన్నెండుకి యాభై. రెండుంపావుకి పదిహేడు, పద్దెనిమిదోదానికి లేవలేకపోయాను. లోకంలో అందరూ తప్పు చేసి గుంజీళ్ళు తీస్తారు సార్. నేను గుంజీళ్ళు తీసి తప్పు చేశాను."