డేగకన్నుకు కనబడని కోటు

"ఈ లోకంలో అసలైన తెలివిగలవాళ్ళు ఇద్దరేరా. ఒకడు నా చేతికి చిక్కకుండా తప్పించుకోగల నేరస్తుడు, రెండోవాణ్ణి నేను. మొదటివాడు ఇంకా పుట్టలేదు!"

ఇలా ప్రకటించి మావాడు నా వాచీల షాపు కౌంటర్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. పొద్దుటినుంచి నేను విప్పి పేర్చుకున్న చక్రాలన్నీ ఎగిరి తలో దిక్కూ పోయాయి. డేగకన్ను అన్నది డిటెక్టివునని చెప్పుకు తిరిగే వీడు తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. డేగకి కళ్ళజోడుంటుందా, ఉన్నా నుదుటిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుందా అని అడక్కండి. చిన్నప్పటి స్నేహితుణ్ణి గనక నేను భరిస్తున్నాను, మీకా ఖర్మ లేదు.

"ఈసారి కేసు ఎవరిమీద?" అన్నాను నేలమీద పాకుతూ.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా బాబాయి."

దొరికిన చక్రం మళ్ళీ నా చేతిలోంచి జారిపోయింది. తండ్రి పోతే వీణ్ణి పెంచి పెద్దచేసింది ఆ బాబాయే. పేరున్న టైలరు. వీడి ఒంటిమీద నల్లకోటు కూడా ఆయన ఇచ్చిందే. "ఈ భుజాలు చూడు! రెడీమేడ్‌లో వస్తుందా ఈ ఫిట్టింగు? చచ్చినా రాదు!" అని దాన్ని చూపించి మురిసిపోని రోజు లేదు.

"మధ్యాహ్నం కాగానే షాపు వెనకగదిలో దూరి గడియ పెట్టుకుంటాడు. దొడ్డిదారిన మూటలొస్తాయి. చేతిలో బ్లేడు! నన్ను చూస్తే దాచేస్తాడు. ఏం అర్థమైంది?"

"బట్టలు కుట్టుకుంటున్నాడని."

"చీకటి సామ్రాజ్యంరా అది! సాయంత్రం ఇన్‌స్పెక్టర్‌కి అప్పగిస్తున్నా." వాడి కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. "ఒకవైపు పెంచిన చెయ్యి, ఒకవైపు చట్టం. నేనేం చెయ్యను చెప్పు?"

ముందు నోరు మూసుకోమని చెప్పాలనిపించింది. చెప్పినా వినడు. పాపం ఆ పెద్దాయన పరువు వీధిన పడకుండా ఆపొచ్చేమోనని షాపు మూసి వెంట నడిచాను.

బాబాయి భోజనానికి ఇంట్లోకి వెళ్ళిన సమయం చూసి వెనకగదిలోకి దూరాం. కుట్టుమిషను చక్రానికి సాలెగూడు పట్టి ఉంది. "ఇదేంట్రా, దీన్ని తొక్కి చాలాకాలమైనట్టుంది?" అన్నాను.

"సాలీడు మీద కాదు కేసు, నోర్మూసుకో," అని వాడు భూతద్దంతో నేలంతా గాలించి అనుమానాస్పదమైన గుండీ ఒకటి పట్టుకున్నాడు. టైలరు షాపులో గుండీ! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అంతలో అడుగుల చప్పుడు. ఇద్దరం బట్టల బీరువాలో దాక్కున్నాం. తలుపు సందులోంచి చూస్తే బాబాయి, వెనకే పిన్ని. గడియ పడింది, మూట విప్పారు. బాబాయి కొత్త చొక్కా ఒకటి తీసి కిటికీ దగ్గరికి వెళ్ళి, దాదాపు ముక్కుకి ఆనించుకుని, మెడ దగ్గర బ్లేడుతో తడుముతున్నాడు.

"పిన్ని కూడా గ్యాంగులోనే!" అని నా చెవిలో ఏడ్చినంత పనిచేసి, వాడు బయటికి దూకాడు. "చేతులెత్తండి! మీ ఆట కట్టు!"

వాళ్ళు ఎత్తేలోపే వాడి కోటు బీరువా మేకుకి తగులుకుని, చంక నుంచి నడుందాకా పర్రున చిరిగింది. వాడు వెళ్ళి మూటమీద బోర్లాపడ్డాడు. చిరిగిన లైనింగులోంచి చిన్న పట్టీ ఒకటి వేలాడింది. ఏదో బట్టల ఫ్యాక్టరీ పేరు, పక్కన సైజు.

పిన్నే ముందు చూసింది. "అయ్యో, లోపల ఇంకోటుందా!"

"మెడదగ్గరిదే తీశానే," అన్నాడు బాబాయి నీరసంగా. "అది నాకు కనబళ్ళేదు."

అప్పుడు చెప్పాడు. చూపు మందగించింది. మిషను సూది వేలిలో దిగడం మొదలయ్యాక తొక్కడం మానేశాడు. కొలతలు మాత్రం వేళ్ళకే తెలుస్తాయి. ఆ కొలతలకి సరిపోయే రెడీమేడ్ తెప్పించి, ఉన్న పట్టీ కోసేసి, పిన్నిచేత తన షాపు పట్టీ వేయిస్తున్నాడు.

"కళ్ళు పోయిన టైలరు గుమ్మం ఎవడు తొక్కుతాడ్రా? ఇన్నాళ్ళ పేరు ఒక్కపూటలో పోతుంది. నీకు తెలిసిపోయింది, ఇక నీ ఇష్టం."

డేగకన్ను లేచి దుమ్ము దులుపుకున్నాడు. "నాకు ముందే తెలుసు," అన్నాడు.

"ఆ కోటు ఇలా ఇవ్వు. చిరిగినదానితో బయటికెలా పోతావు?" అన్నాడు బాబాయి. పిన్ని సూదిలో దారం ఎక్కించింది. ఆయన తడుముకుంటూ తనే కుట్టాడు. ఒక కుట్టు తూర్పుకి, ఒకటి పడమటికి.

రోడ్డెక్కగానే లాండ్రీ షాపాయన ఆపాడు. "కోటుకి ఆ కుట్లేంటండీ? ఇంత దరిద్రంగా ఎవడు కుట్టాడు?"

కోటు మొత్తంలో బాబాయి స్వయంగా కుట్టింది ఆ చిరుగు దగ్గరే. ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి బాబాయి కుట్టాడని చెప్పుకున్నవాడికి, ఆ మాట అబద్ధం కాకుండా చెప్పే అవకాశం ఇప్పుడొచ్చింది. పైగా వాడి నోట్లో నువ్వుగింజ నానదు. నేను వాడి మోచెయ్యి పట్టుకుని లాగాను.

"నేనే కుట్టుకున్నానండీ," అన్నాడు డేగకన్ను. "మా బాబాయి చూస్తే తంతాడు, ఆయనకి చెప్పకండేం."